ఫారం-16 చేతికొచ్చాక: ఐటీ రిటర్న్ సొంతంగా వేసుకోవాలా, ఆడిటర్ దగ్గరికి వెళ్లాలా?

జూన్ నెల సగం దాటేసరికి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లోని స్కూళ్లలో, ఆఫీసుల్లో ఏటా ఒకే పని మొదలవుతుంది. ఎవరో ఒక సార్ అందరి ఫారం-16లు, అంటే ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితాలు, పోగు చేస్తారు. పాన్, ఆధార్ జిరాక్సులు జతచేసి టౌన్‌లో ఏళ్లుగా తెలిసిన ఆడిటర్ ఆఫీసులో ఇచ్చి వస్తారు. కొన్ని రోజులకు ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, చెప్పేస్తారు. ఆ తర్వాత వాట్సాప్‌లో ఒక పేజీ అక్నాలెడ్జ్‌మెంట్ వస్తుంది. దాంతో ఆ ఏటికి ఐటీ పని అయిపోయినట్టే. అందులో ఎంత ఆదాయం చూపించారు, ఏ మినహాయింపులు పెట్టారు, రిఫండ్ ఎందుకు వస్తోంది అని చదివి చూసేవాళ్లు చాలా తక్కువ.

ఈ అలవాటు ఊరికే రాలేదు. కాగితం మీద ఫారాలు నింపే రోజుల్లో, సేవింగ్స్ లెక్కలు వేసి పన్ను తగ్గించుకోవాల్సిన రోజుల్లో తెలిసినవాళ్ల సాయం నిజంగానే అవసరమయ్యేది. తర్వాత మూడు మార్పులు వచ్చాయి. 2021 జూన్ 7న కొత్త ఈ-ఫైలింగ్ పోర్టల్ వచ్చింది. జీతం, టీడీఎస్ (ముందే కోసిన పన్ను), బ్యాంకు వడ్డీ వివరాలు అందులో ముందే నింపి ఉంటాయి. అదే ఏడాది నవంబరులో ఏఐఎస్ అనే వార్షిక సమాచార పత్రం మొదలైంది. ఒక పాన్ మీద ఏ బ్యాంకు ఎంత వడ్డీ ఇచ్చింది, ఏ షేర్లు అమ్మారు, ఏ రిజిస్ట్రేషన్ జరిగింది అన్నవి చాలావరకు అందులో కనిపిస్తాయి. ఇక 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే డీఫాల్ట్ అయింది, అంటే పాతది కావాలని ఎంచుకోకపోతే ఇదే వర్తిస్తుంది. ఈ మూడూ కలిసి జీతగాళ్ల రిటర్న్‌ను పూర్తిగా మార్చేశాయి. అలవాటు మాత్రం పాతదే నడుస్తోంది.

సొంతంగా వేసుకోవాలా, ఆడిటర్‌కు ఇవ్వాలా అని తేల్చుకునేటప్పుడు చాలామంది ముందు ఆదాయం ఎంతో చూస్తారు. తక్కువైతే సొంతంగా, ఎక్కువైతే ఆడిటర్‌తో అనుకుంటారు. ఆ కొలత తప్పు. నెలకు రెండు లక్షల జీతం తప్ప వేరే ఆదాయం లేని ఇంజనీర్ తన రిటర్న్ తానే వేసుకోవచ్చు. ఒక్క రూపాయి జీతం లేని రైతు కర్నూలు శివార్లలో రెండెకరాలు అమ్మితే మాత్రం ఆయనకు మంచి ఆడిటర్ కావాలి. చూడాల్సింది ఆదాయం ఎక్కడి నుంచి వచ్చిందన్నది. ఆ ఆదాయంలో చట్టం తెలిసినవాళ్లు తేల్చి చెప్పాల్సిన ప్రశ్న ఏదైనా ఉందా అన్నది.

ముందు జీతగాళ్ల సంగతి. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. ఆపైన ప్రతి 4 లక్షలకు 5, 10, 15, 20, 25 శాతం చొప్పున పెరుగుతూ, 24 లక్షలు దాటాక 30 శాతం పడుతుంది. పన్ను పడే ఆదాయం 12 లక్షల లోపు ఉంటే 60,000 వరకు రిబేట్, అంటే పన్నులోనే తగ్గింపు, వస్తుంది కాబట్టి కట్టేది సున్నా. జీతగాళ్లకు, పెన్షనర్లకు ఆదాయంలోంచి నేరుగా తీసేసే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది. అంటే ఏడాదికి 12.75 లక్షల జీతం వరకు, వేరే ఆదాయం లేకపోతే, పన్నే లేదు.

దాటితే ఎలా ఉంటుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఒక సీనియర్ స్కూల్ అసిస్టెంట్ ఏడాది జీతం 13.5 లక్షలు అనుకుందాం. కొత్త విధానంలో 75,000 తీసేస్తే 12.75 లక్షలు మిగులుతుంది. పన్ను 71,250, దాని మీద అదనంగా పడే సెస్సుతో కలిపి 74,100. పాత విధానంలో అదే జీతానికి 50,000 స్టాండర్డ్ డిడక్షన్, 2,400 వృత్తి పన్ను, జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్), ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల బీమా), ఎల్ఐసీ అన్నీ కలిపి పొదుపులకు మినహాయింపు ఇచ్చే 80సీ కింద లక్షన్నర, హెల్త్ ఇన్సూరెన్స్ 25,000, హౌసింగ్ లోన్ వడ్డీ 2 లక్షలు, ఇన్నీ తీసేసినా 9,22,600 మిగులుతుంది. పన్ను సెస్సుతో కలిపి లక్ష దాటుతుంది. మినహాయింపులన్నీ నిండుగా వాడుకున్న మనిషికి కూడా కొత్త విధానమే 26,000కు పైగా చవక. అద్దె ఇంట్లో ఉంటూ, ఇంటి అద్దె అలవెన్సు మీద పెద్ద మొత్తంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు వచ్చేవాళ్లకు లెక్క మారొచ్చు. పోర్టల్‌లోనే ఉన్న కాలిక్యులేటర్‌లో రెండు విధానాలూ పక్కపక్కన చూసుకోవచ్చు. దానికి పది నిమిషాలు చాలు.

ఈ లెక్కలోనే అసలు మార్పు ఉంది. జీతగాళ్ల రిటర్న్‌లో ఆడిటర్ చేసే పెద్ద పని మినహాయింపులు వెతకడం. కొత్త విధానంలో వాటిలో చాలావరకు లేనే లేవు. ఇక మిగిలింది ముందే నింపి ఉన్న అంకెలను ఫారం-16తో, ఏఐఎస్‌తో, బ్యాంకు పాస్‌బుక్కుతో సరిపోల్చడం. ఆ జీతం తనదే, ఆ డిపాజిట్లు తనవే అయిన మనిషి కంటే బాగా ఆ పని ఇంకెవరు చేస్తారు? మూడో బ్యాంకులో భార్య పేరుతో కలిపి వేసిన డిపాజిట్ సంగతి ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. ఫారం-16 మాత్రమే చూసే ఆడిటర్‌కు తెలిసే దారి లేదు. చాలా రిటర్న్‌లలో బ్యాంకు వడ్డీ రాకుండా పోవడానికి కారణం ఇదే.

జీతం, పెన్షన్, వడ్డీ మాత్రమే ఉన్నవాళ్లు ఐటీఆర్-1 అనే సులువైన రిటర్న్ ఫారం సొంతంగా వేసుకోవడం నేర్చుకోవాలి. మొదటి ఏడాది ఒక సాయంత్రం పడుతుంది. రెండో ఏడాది అరగంట. కంప్యూటర్ అలవాటు లేని పెద్దవాళ్లకు ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలు సాయం చేయొచ్చు. 75 ఏళ్లు దాటి, పెన్షన్, వడ్డీ రెండూ ఒకే బ్యాంకులో ఉంటే ఆ బ్యాంకుకు డిక్లరేషన్ ఇచ్చి రిటర్న్ వేసే పనే లేకుండా చేసుకోవచ్చు. ఆ సౌకర్యం ఉందని తెలియక ఏటా తిప్పలు పడే పెన్షనర్లు ఉన్నారు.

ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో రెండు చిక్కులు మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మొదటిది టీడీఎస్ కనిపించకపోవడం. జీతంలో పన్ను కోసేశారు, పే స్లిప్‌లో ఉంది, కానీ పాన్ మీద జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో లేదు. అంటే జీతాల బిల్లు పెట్టే అధికారి (డీడీఓ) కోసిన పన్నుపై వేయాల్సిన 24క్యూ స్టేట్‌మెంట్ వేయలేదు, లేదా పాన్ నంబరు తప్పు పడింది. చివరి మూడు నెలల స్టేట్‌మెంట్ మే 31 లోపు వేయాలి, జూన్ 15 లోపు ఫారం-16 ఇవ్వాలి. ఈ తప్పును ఎంత పెద్ద ఆడిటర్ కూడా రిటర్న్‌లో సరిచేయలేడు. డీడీఓ చేత సవరణ స్టేట్‌మెంట్ వేయించడం ఒక్కటే దారి. దానికి ఎంఈఓ ఆఫీసు చుట్టూనో ట్రెజరీ చుట్టూనో తిరగాల్సింది ఉద్యోగే. ఫీజు కట్టాం కదా ఆయనే చూసుకుంటాడులే అని ఊరుకుంటే కోసిన పన్నుకే మళ్లీ డిమాండ్ నోటీసు వస్తుంది.

రెండోది అరియర్స్, అంటే పాత నెలల జీతం బకాయిలు. డీఏ అరియర్స్, పీఆర్‌సీ అరియర్స్ ఒకేసారి పడితే ఆ ఏడాది ఆదాయం ఉబ్బి పన్ను ఎక్కువ పడుతుంది. పాత సంవత్సరాలకు ఆ డబ్బును పంచి లెక్కేసి ఉపశమనం పొందడానికి సెక్షన్ 89 ఉంది. కొత్త విధానంలోనూ అది వర్తిస్తుంది. అయితే రిటర్న్ కంటే ముందు ఫారం 10ఈ పోర్టల్‌లో దాఖలు చేయాలి. అది వేయకుండా రిటర్న్‌లో ఉపశమనం రాసుకుంటే రిటర్న్‌లు పరిశీలించే బెంగళూరు సీపీసీలో కొట్టేస్తారు. ఈ ఫారంలో పాత సంవత్సరాల ఆదాయాలు, అప్పటి స్లాబులు కావాలి. ఓపిక ఉన్నవాళ్లు చేసుకోగలరు. లేకపోతే ఆ ఏడాదికి మాత్రం ఆడిటర్‌కు ఇవ్వడంలో తప్పు లేదు.

ఇక పొలం సంగతి. సీమలో ఉద్యోగం ఉన్న చాలా ఇళ్లలో ఎంతో కొంత భూమి ఉంటుంది. చెనిక్కాయ, కంది, పత్తి, చీనీ తోట, ఏదో ఒకటి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా అని రిటర్న్‌లో అసలు రాయరు. పన్ను లేని మాట నిజమే. కానీ ఏడాదికి 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. పైగా పన్ను రేటు నిర్ణయించేటప్పుడు ఆ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. పన్ను పడే జీతం 14 లక్షలు, పొలం మీద 3 లక్షలు వచ్చిందనుకుందాం. జీతం ఒక్కదానికైతే పన్ను 90,000. పొలం ఆదాయం కలిస్తే ముందు 17 లక్షలకు పన్ను 1,40,000 లెక్కేసి, అందులోంచి 7 లక్షలకు పడే 15,000 తీసేస్తారు. ఆ 7 లక్షలంటే పొలం ఆదాయం 3 లక్షలు, పన్ను లేని మొదటి 4 లక్షలు కలిపి. మిగిలేది 1,25,000. పన్ను లేని ఆదాయం వల్లే పన్ను 35,000 పెరిగింది. ఈ కూడికలు, తీసివేతలు పోర్టల్ తనంతట తానే చేస్తుంది. ఆదాయం నిజాయితీగా నింపితే చాలు. ఐటీఆర్-2 పొడవు చూసి భయపడనక్కరలేదు, మన కేసుకు సంబంధం లేని పేజీలు వదిలేసి పోవచ్చు.

దీనికి తలకిందులుగా నడిచే అలవాటు ఇంకా ప్రమాదకరమైనది. వేరే దారిలో వచ్చిన డబ్బును వ్యవసాయ ఆదాయంగా చూపిద్దామని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. వ్యవసాయ ఆదాయం 5 లక్షలు దాటితే రిటర్న్‌లోనే ఏ జిల్లా, ఏ పిన్‌కోడ్, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా వర్షాధారమా అని అడుగుతారు. కళ్యాణదుర్గం వైపు ఐదెకరాల మెట్ట పొలంలో ఏడాదికి పది లక్షలు మిగిలిందంటే, అనంతపురం వానల సంగతి తెలిసిన ఎవరూ నమ్మరు. అడంగల్, 1బి, మార్కెట్ యార్డు చీటీలు చూపించమంటే ఆ సలహా ఇచ్చిన మనిషి పక్కన ఉండడు. సోలార్ కంపెనీకి లీజుకిచ్చిన పొలం అద్దె కూడా వ్యవసాయ ఆదాయం కాదు. భూమి పట్టాదారు పాస్‌బుక్కులో ఉన్నా, అక్కడ పంట పండటం లేదు కాబట్టి ఆ అద్దెకు పన్ను ఉంటుంది.

భూమి అమ్మకం దగ్గరికి వస్తే మాత్రం సొంతంగా వేసుకోమని ఎవరికీ చెప్పలేం. ఈ మూడు జిల్లాల్లో ఆడిటర్ ఫీజుకు నూటికి నూరుపాళ్లు విలువ దక్కేది ఇక్కడే. పల్లె పొలం అమ్మితే మూలధన లాభం పన్ను (ఆస్తి అమ్మగా వచ్చిన లాభంపై పన్ను) లేదన్నది అందరికీ తెలుసు. పల్లె అంటే ఏది అన్నదానికి చట్టంలో కొలత ఉంది. లక్ష నుంచి 10 లక్షల జనాభా ఉన్న మున్సిపాలిటీ హద్దు నుంచి 6 కిలోమీటర్ల లోపు ఉన్న పొలం పల్లె పొలం కాదు. జనాభా 10,000 నుంచి లక్ష వరకైతే ఆ దూరం 2 కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్నూలు, కడప, అనంతపురం మూడూ 6 కిలోమీటర్ల తరగతిలోకే వస్తాయి. ఆదోని, ప్రొద్దుటూరు, నంద్యాల కూడా అంతే. పైగా దూరాన్ని రోడ్డు వెంట కొలవరు, గాలి దూరం చూస్తారు. బస్సులో 9 కిలోమీటర్లు పోయే ఊరు గాలి దూరంలో ఐదున్నరే ఉండొచ్చు. ఆ తేడా మీద లక్షల పన్ను ఆధారపడి ఉంటుంది.

ఎన్ని లక్షలో కూడా చూద్దాం. 2010-11లో 4 లక్షలకు కొన్న పొలం 2025-26లో 40 లక్షలకు అమ్మారు, 6 కిలోమీటర్ల లోపే ఉంది. లాభం 36 లక్షలు, 12.5 శాతం చొప్పున పన్ను 4.5 లక్షలు. 2024 జూలై 23కు ముందు కొన్న భూమి కాబట్టి దేశంలో ఉండే వ్యక్తులకు ఇంకో దారి కూడా ఉంది. ధరల సూచీతో కొన్న ధరను పెంచి, మిగిలిన లాభంపై 20 శాతం కట్టొచ్చు. సూచీ 167 నుంచి 376కు పెరిగింది కాబట్టి కొన్న ధర సుమారు 9 లక్షలవుతుంది. పన్ను దాదాపు 6.2 లక్షలు. ఈ కేసులో మొదటి దారే మేలు. భూమి ధర ఇంతగా పెరగని చోట రెండోది మేలు కావచ్చు. తాతల నాటి భూమి అయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, అది అప్పటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు.

అసలు పన్నే పడకుండా చేసుకునే న్యాయమైన దారులు కూడా ఉన్నాయి. రెండేళ్లుగా తామో తల్లిదండ్రులో సాగుచేసిన పొలం అమ్మి, రెండేళ్లలో వేరే పొలం కొంటే సెక్షన్ 54బి. ఆ డబ్బుతో ఇల్లు కొనడమో కట్టుకోవడమో చేస్తే 54ఎఫ్. ఆరు నెలల్లో నిర్దేశిత బాండ్లలో 50 లక్షల వరకు పెడితే 54ఈసీ. ప్రతిదానికీ గడువులు, షరతులు వేరు. రిటర్న్ గడువులోగా డబ్బు ఖర్చుపెట్టలేకపోతే బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ తెరిచి అందులో వేయాలి. మామూలు సేవింగ్స్ అకౌంట్‌లో ఉంచి, ఇల్లు కడుతున్నాం కదా అనుకుంటే చెల్లదు. ఆ ఖాతా సంగతి తెలియక మినహాయింపు పోగొట్టుకుంటే నష్టం లక్షల్లో ఉంటుంది. ప్రభుత్వం 2013 భూసేకరణ చట్టం కింద తీసుకున్న భూమి పరిహారానికి ఆ చట్టం 96వ సెక్షన్ ప్రకారం ఆదాయపు పన్ను లేదు. ఓర్వకల్లు, కొప్పర్తి లాంటి పారిశ్రామిక ప్రాంతాలు పెరుగుతున్న చోట ఇది తెలిసి ఉండాలి. ఏ చట్టం కింద భూమి పోయిందో పరిహారం నిర్ణయించిన అవార్డు కాగితంలో చూడాలి. అది చదవడం ఆడిటర్ పని.

ఇంకొక మాట. ఆడిటర్ దగ్గరికి వెళ్లాల్సింది జూలైలో కాదు, అగ్రిమెంటు రాసుకునే ముందు. రిజిస్ట్రేషన్ అయిపోయి, డబ్బు ముట్టి, అందులో సగం నగదుగా తీసుకున్నాక ఎవరూ చేయగలిగేది పెద్దగా ఉండదు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 లేదా అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం పెనాల్టీగా పడే సెక్షన్లున్నాయి. పెద్ద మొత్తం రిజిస్ట్రేషన్ల వివరాలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఐటీ శాఖకు వెళ్తాయి.

కడప, రాజంపేట, రాయచోటి వైపు కువైట్ వెళ్లిన కుటుంబాలది మరో ప్రశ్న. అక్కడి జీతానికి, ఎన్ఆర్ఐగా ఉన్నంతవరకు, ఇక్కడ మామూలుగా పన్ను లేదు. భార్యకు పంపే డబ్బు ఆమెకు ఆదాయం కాదు. విదేశీ సంపాదన వేసుకునే ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకీ పన్ను లేదు. అయితే కడపలో ఇల్లు అద్దెకిచ్చినా, ప్లాటు అమ్మినా రిటర్న్ ఐటీఆర్-1లో వేయకూడదు, అది దేశంలో ఉండేవాళ్లకే. 12 లక్షల వరకు సున్నా చేసే రిబేట్ కూడా ఎన్ఆర్ఐలకు లేదు. ఇక ఎన్ఆర్ఐ దగ్గర ప్లాటు కొనేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. మామూలుగా 50 లక్షలు, ఆపైన ఆస్తికి కోసే 1 శాతం టీడీఎస్ ఇక్కడ వర్తించదు. సెక్షన్ 195 కింద చాలా ఎక్కువ కోయాలి, 50 లక్షల పరిమితి కూడా ఉండదు. కోయకపోతే కొన్నవాళ్లే బాధ్యులు. ఇలాంటి లావాదేవీలో అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరూ చెరొక ఆడిటర్‌ను అడగడం మంచిది.

వ్యాపారాల్లో చిన్నవాటికి చట్టమే సులువు దారి ఇచ్చింది. తాడిపత్రి నుంచి బండలు, ఎర్రగుంట్ల నుంచి సిమెంటు తోలే లారీ యజమానులకు, పది లారీల వరకు, సెక్షన్ 44ఏఈ ఉంది. 12 టన్నులు దాటిన లారీకి టన్నుకు నెలకు 1,000 చొప్పున ఆదాయంగా చూపితే చాలు, పుస్తకాలు రాయనక్కరలేదు. 28 టన్నుల లారీ ఏడాదంతా ఉంటే 3.36 లక్షలు. మూడు లారీలున్నా, వేరే ఆదాయం లేకపోతే, రిబేట్ వల్ల పన్ను రాదు. కిరాణా, ఫ్యాన్సీ, హార్డ్‌వేర్ షాపులకు 44ఏడీ ఉంది. 2 కోట్ల అమ్మకాల వరకు 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాలపై 6 శాతం లాభం చూపొచ్చు. ఇవి ఐటీఆర్-4లో పడతాయి. జీఎస్టీ లేని చిన్న షాపువాళ్లు సొంతంగా వేసుకోగలరు. జీఎస్టీ ఉంటే ఆ రిటర్న్‌లలో చూపిన అమ్మకాలు, ఐటీలో చూపినవి ఒకటిగా ఉండాలి కాబట్టి రెండూ ఒకే మనిషి చేత చేయించడం మేలు.

కానీ కమీషన్ మీద బతికేవాళ్లకు 44ఏడీ వర్తించదు. ఇన్సూరెన్స్ ఏజెంట్లు, ఆదోని పత్తి మార్కెట్‌లో కమీషన్ వ్యాపారులు, భూముల బ్రోకర్లు ఐటీఆర్-3 వేయాలి. ఎవరో నెట్ సెంటర్‌లో ఐటీఆర్-4 వేసేసి పంపితే కొన్నేళ్లు ఏమీ కాకపోవచ్చు. అందువల్ల అది సరైన ఫారం అయిపోదు. ఫోన్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్ చేసే కుర్రవాళ్లు కూడా ఇదే గుంపులో ఉన్నారు. ఆ లాభనష్టాలు వ్యాపార ఆదాయం కిందికి వస్తాయి. నష్టం వచ్చిందని రిటర్న్‌లో చూపకుండా వదిలేస్తారు. గడువులోగా చూపితే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి తర్వాతి లాభాల్లో తగ్గించుకోవచ్చు. వీళ్లందరికీ ఆడిటర్ అవసరం. 44ఏడీ వాడుకోకుండా, అమ్మకాలు కోటి దాటి ట్యాక్స్ ఆడిట్ పరిధిలోకి వచ్చినవాళ్లకైతే ఎంచుకునే అవకాశమే లేదు, చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం తప్పనిసరి. నగదు లావాదేవీలు 5 శాతం లోపే ఉంటే ఈ పరిమితి 10 కోట్లు.

అసలు ఆడిటర్ అంటే ఎవరు? మన దగ్గర ఐటీ పని చేసే ప్రతి ఒక్కరినీ ఆడిటర్ అనేస్తాం. చార్టర్డ్ అకౌంటెంట్ ఉంటారు, ట్యాక్స్ ప్రాక్టీస్ చేసే వకీలు ఉంటారు, ఏళ్ల అనుభవమున్న అకౌంటెంట్ ఉంటారు, జిరాక్స్ షాపు పక్కన నెట్ సెంటర్ నడిపే కుర్రాడూ ఉంటాడు. మామూలు జీతం రిటర్న్ వీళ్లలో ఎవరైనా నింపగలరు, అసలు సొంతంగానే నింపుకోవచ్చు. భూమి అమ్మకం, ఎన్ఆర్ఐ వ్యవహారం, నోటీసుకు జవాబు అయితే ఎదుటి మనిషి ఎవరో అడిగి తెలుసుకోవాలి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ సభ్యత్వ నంబరు అడగడం మర్యాద తప్పడం కాదు. ఆఫీసులో తెలిసినవాళ్లున్నారన్న అర్హత ఇప్పుడు పనికిరాదు. 2020 నుంచి ఫేస్‌లెస్ విధానం వచ్చాక కర్నూలు మనిషి ఫైలు దేశంలో ఏ మూల అధికారి చూస్తారో ఎవరికీ తెలియదు.

అన్నిటికంటే భయపడాల్సింది రిఫండ్ తెప్పిస్తామని చెప్పి, వచ్చిన రిఫండ్‌లో వాటా అడిగేవాళ్లను. పాత విధానం ఎంచుకుని, లేని అద్దె, కట్టని ప్రీమియం, ఇవ్వని రాజకీయ విరాళం రాసి, కోసిన టీడీఎస్ వెనక్కి తెప్పిస్తారు. డబ్బు ఖాతాలో పడుతుంది, పదిమందికి చెప్పుకుంటారు, ఆ స్కూల్లోనో ఆ ఆఫీసులోనో అందరూ అదే మనిషి దగ్గరికి వెళ్తారు. 2025 జూలై 14న ఐటీ శాఖ ఇలాంటి క్లెయిములు వేయించేవాళ్లపై దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమ రిటర్న్‌లు సరిచేసుకుని 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని అప్పుడే ప్రకటించింది. ఆదాయం తప్పుగా చూపినట్టు తేలితే ఆ పన్నుపై 200 శాతం వరకు పెనాల్టీ పడుతుంది. వాటా తీసుకున్న ఏజెంటు ఆ పెనాల్టీలో వాటా ఇవ్వడు. నోటీసు వచ్చేది పాన్ ఉన్న మనిషికే. ఇలా వేయించుకున్నట్టు ఇప్పుడు అర్థమైనవాళ్లు నోటీసు రాకముందే అప్‌డేటెడ్ రిటర్న్ వేసి, అదనపు పన్ను కట్టి బయటపడొచ్చు. దానికి నాలుగేళ్ల గడువుంది. ఆలస్యమయ్యేకొద్దీ అదనపు పన్ను 25 శాతం నుంచి 70 శాతం వరకు పెరుగుతుంది.

ఆడిటర్‌కు ఇచ్చినా సరే, లాగిన్ మాత్రం ఇవ్వకూడదు. చాలామంది పోర్టల్ ఖాతాలో ఉన్న ఫోన్ నంబరు, ఈమెయిల్ ఆడిటర్ ఆఫీసువే. శాఖ పంపే ప్రతి మెయిల్ అక్కడికే పోతుంది. రిటర్న్‌లో లోపముందని వచ్చే 139(9) నోటీసుకు 15 రోజుల్లో, అంకెలు సరిపోలలేదని వచ్చే 143(1)(ఏ) ఇంటిమేషన్‌కు 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ ఆఫీసులో వందల ఫైళ్ల మధ్య ఒక మెయిల్ కనబడకపోవడం పెద్ద విషయం కాదు. ఆ గడువు దాటితే కట్టాల్సింది ఆ ఉద్యోగి. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై ఉంటే పాస్‌వర్డ్ మర్చిపోయాం అన్న చోట నొక్కి ఆధార్ ఓటీపీతో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. తర్వాత ప్రొఫైల్‌లోకి వెళ్లి సొంత నంబరు, సొంత ఈమెయిల్ పెట్టుకోవాలి. మంచి ఆడిటర్ ఎవరూ దీనికి నొచ్చుకోరు.

కాబట్టి రెండు దారుల్లో ఒకటే పట్టుకోవాల్సిన పని కూడా లేదు. జీతం, వడ్డీ ఉన్న ఏడాది సొంతంగా వేసుకుని, ప్లాటు అమ్మిన ఏడాది ఆడిటర్‌కు ఇవ్వొచ్చు. లేదా రిటర్న్ సొంతంగానే నింపి, పొలం దూరం ప్రశ్న ఒక్కటి ఫీజు కట్టి అడిగి రావొచ్చు. ఇచ్చేటప్పుడు ఫారం-16 ఒక్కటే కాకుండా ఏఐఎస్ కాపీ, అన్ని బ్యాంకుల వడ్డీ సర్టిఫికెట్లు, సేల్ డీడ్ ఇవ్వాలి. సబ్మిట్ చేసే ముందు డ్రాఫ్ట్ రిటర్న్ పీడీఎఫ్ అడిగి తీసుకుని, అందులోని ప్రతి మినహాయింపుకూ తన దగ్గర కాగితం ఉందో లేదో చూసుకోవాలి. లేని కాగితం పేరు అందులో ఉంటే ఆ వరుస తీసేయమని చెప్పాలి, రిఫండ్ తగ్గినా సరే.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారిపోయాయి, అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాట పోయి ట్యాక్స్ ఇయర్ వచ్చింది. 2025-26 ఆదాయానికి వేసే రిటర్న్ మాత్రం పాత చట్టం కిందే. పైన చెప్పిన సెక్షన్ల నంబర్లన్నీ పాత చట్టంవే. జీతగాళ్లకు గడువు జూలై 31. ఆలస్యమైతే 5,000, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000 ఫీజు పడుతుంది. పాత విధానం ఎంచుకోవాలన్నా గడువులోగానే వేయాలి. సబ్మిట్ నొక్కాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో ఈ-వెరిఫై చేయాలి. అది చేసేదాకా రిటర్న్ వేసినట్టు లెక్క కాదు. వాట్సాప్‌లో అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చినవాళ్లు కూడా ఒకసారి లాగిన్ అయి, వెరిఫై అయిందో లేదో అక్కడ చూసుకోవాలి.